రెండు మిల్లీల హార్మ్

బుధవారం ఉదయం ఏడింటికి బెరెండ్ మా వంటింటి తలుపు తట్టకుండానే తోసుకుని వచ్చాడు. బూట్లు కూడా విప్పలేదు. నేను బల్ల మీద తల ఆనించి ఓ అరగంట కునుకు తీస్తున్నాను.

"స్టెగ్‌హౌట్ ఊరివాళ్ళ మంచు రెండున్నర సెంటీమీటర్లకి వచ్చిందట" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"మా మరదలు. వాళ్ళ బేకరీలో అందరూ అదే మాట్లాడుకుంటున్నారట. మనదెంత?"

"ఆరింటికి కొలిచాను. చుట్టూ రెండు సెంటీమీటర్ల ఆరు మిల్లీలు. ఆల్డర్ చెట్ల మూలలో రెండూ రెండు."

బెరెండ్ కుర్చీలో కూలబడ్డాడు. డెబ్బై నాలుగేళ్ళ మనిషి, మా స్కేటింగ్ క్లబ్బుకి అధ్యక్షుడు. నేల మీద అతని బూట్ల నుంచి కరిగిన మంచు మడుగు కట్టింది. ఇంకో రోజైతే గుడ్డ తెచ్చి చేతికిచ్చి తుడిపించేదాన్ని.

మా ఊరు ఎల్డర్‌వేన్‌లో మంచు కట్టించే మేస్త్రి పదవిలో ఆడదాన్ని పెట్టడం నాతోనే మొదలు. నా మీద గౌరవం కొద్దీ పెట్టలేదు. పోయిన ఏప్రిల్లో నా మొగుడు హార్మ్ పోయాడు. ఇరవై రెండేళ్ళు ఆ పని చేసినవాడు అతను. తర్వాత ఇంకెవరూ ముందుకు రాలేదు. ఇన్నేళ్ళు అతని పక్కన నిలబడి చలికి ముక్కు ఎర్రబెట్టుకున్నదాన్ని కదా, నాకు వచ్చే ఉంటుందనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను.

ఏటా చలికాలం రాగానే మా వైపు పది పన్నెండు ఊళ్ళకి ఒకటే పిచ్చి పడుతుంది. నాలుగొందల మీటర్ల తారుబాట మీద నీళ్ళు చల్లి, గడ్డ కట్టించి, ఎవరు ముందుగా చుట్టూ మూడు సెంటీమీటర్ల మంచు చూపిస్తే ఆ ఏటి మొదటి స్కేటింగ్ మారథాన్ ఆ ఊళ్ళో పెడతారు. వంద చుట్లు. దేశం మొత్తం టీవీల ముందు కూర్చుని చూస్తుంది. రెండో ఊరి పేరు ఎవరికీ గుర్తుండదు. మా ఊరికి ఆ పందెం ఒక్కసారి కూడా రాలేదు. మార్చిలో సభ్యులందరం కూర్చుని చేతులెత్తి తీర్మానించుకున్నాం: వచ్చే చలికాలం కూడా రాకపోతే క్లబ్బు మూసేద్దాం. మిగిలింది పదకొండు మందిమి. అందులో ఇద్దరికి మోకాళ్ళు మార్చారు. స్థలం పంచాయతీకి తిరిగి ఇచ్చేయాలి, వాళ్ళు అక్కడ కార్లు నిలిపే చోటు కట్టుకుంటారు.

హార్మ్ బతికి ఉండగానే చెయ్యెత్తాడు, మూసేద్దామని. అది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

"రేపు మధ్యాహ్నానికి పడమటి గాలి" అన్నాడు బెరెండ్. "వాన. ఎనిమిది డిగ్రీలు. ఇవాళ కాకపోతే ఇక లేదు."

"తెలుసు."

"పదింటికి ఎండొస్తుంది. ఆ తర్వాత నీళ్ళు చల్లినా కట్టవు."

"అదీ తెలుసు. నేల తుడిచి వెళ్ళు."

నిజంగానే తుడిచాడు. అప్పుడు నాకు భయం వేసింది. బెరెండ్ మాట వింటున్నాడంటే అతనికి ఆశ వదిలిపోయిందన్నమాట.

ఆదివారం సాయంత్రం నుంచి, గడ్డ కట్టేంత చలి ఉన్నప్పుడల్లా, వంతుల వారీగా చల్లుతూనే ఉన్నాం. పొలాలకి పేడనీళ్ళు తోలే ట్యాంకరుని నాలుగుసార్లు కడిగి, వెనక సన్నటి చిల్లుల గొట్టం బిగించి, ట్రాక్టరుతో చుట్టూ తిప్పడం. ఒక చుట్టుకి అర మిల్లీమీటరు. ఇరవై నిమిషాలు ఆగడం. మళ్ళీ ఒక చుట్టు. ఇందులో కష్టమైనది చల్లడం కాదు, ఆగడం. హార్మ్ ఎప్పుడూ ఒకటే చెప్పేవాడు: "నీళ్ళు తడి చెయ్యాలి, నిలవకూడదు." ఎక్కువ పోస్తే పైపైన పొర కట్టేస్తుంది, కింద నీళ్ళు నీళ్ళుగానే ఉండి ఏ పగులులోంచో జారిపోతాయి. పైన చూస్తే అద్దంలా ఉంటుంది, లోపల గుల్ల. మనిషి కాలు పెడితే మోయవచ్చు. గంటకి నలభై కిలోమీటర్ల వేగంతో ఎనభై మంది ఒకరి వెనక ఒకరు వస్తే మోయదు.

ఏడుంపావుకి లెక్క వేసుకున్నాను. పదింటిలోపు ఎనిమిది చుట్లు. అంటే నాలుగు మిల్లీమీటర్లు. బాటంతా సరిగ్గా మూడుకి చేరుతుంది. ఆల్డర్ మూల రెండూ ఆరు దగ్గర ఆగిపోతుంది. అక్కడ తారు కాస్త కుంగి పగుళ్ళిచ్చింది, నీళ్ళు ఇంకిపోతాయి; చెట్లు అడ్డమై పొద్దున్నే గాలి కూడా తగలదు. ఇరవై రెండేళ్ళుగా అదే మూల మమ్మల్ని ఏడిపిస్తోంది.

మూడేళ్ళ కిందటా అదే మూల. అప్పుడు గెలుపు అంచుదాకా వచ్చాం. స్కేటింగ్ సంఘం నుంచి కొలిచే మనిషి వచ్చాడు, ఊరంతా వచ్చి చలికి క్యాంటీన్‌లో దూరింది. చివరికి హార్మ్ క్యాంటీన్ గుమ్మంలో నిలబడి, "ఆల్డర్ మూలలో రెండూ ఎనిమిదే ఉంది. కుదరదన్నారు" అని చెప్పి, టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. మూడు రోజులు నేనూ నిద్రమాని నీళ్ళు పట్టినదాన్ని. అందరి ముందూ అన్నాను: "రెండు మిల్లీలు. రెండు మిల్లీలు ఎక్కువ చల్లలేకపోయావు. ఇలాంటి మొగుణ్ణి ఎవరైనా ఎత్తుకుపోతే బాగుండు." అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఊళ్ళో అతని పేరు రెండు మిల్లీల హార్మ్. క్యాంటీన్‌లో మేస్త్రీల పేర్లు రాసిన చెక్క ఉంటుంది. ఆ సాయంత్రమే ఎవరో స్కేటు మొనతో అతని పేరు కింద '2 మి.మీ.' అని గీకారు. ఎవరో ఏమిటి, బెరెండే. నేనూ చూసి నవ్వాను. హార్మ్ కూడా నవ్వాడు. పాతిపెట్టిన రోజున కాఫీలు తాగుతూ కూడా ఆ పేరుతో ఒకరు జోకు వేశారు. అప్పుడు మాత్రం నేను లేచి బాత్రూములోకి వెళ్ళిపోయాను.

అందుకే నాకా పందెం కావాలి. క్లబ్బు కోసమని అందరితో అనేదాన్ని. క్లబ్బు పోతే పోనీ. అతని బాట మీద ఒక్కసారి ఆ పందెం జరిగితే ఆ పేరు చెరిగిపోతుంది. నేను పెట్టిన పేరు నేనే చెరపాలి. నాకింకో చలికాలం లేదు.

తొమ్మిదింటికి ఆల్డర్ మూలలో రెండూ నాలుగు. ఆకాశం తూర్పున తెల్లబడుతోంది. ట్రాక్టరు అవతలి వైపుంది. నేను షెడ్డులోంచి రబ్బరు గొట్టం లాక్కొచ్చాను. కుళాయి తిప్పి, ఆ మూలలో, వంపు బయటి అంచు పొడుగునా, ఒకేసారి పోశాను. నీళ్ళు లోపలి అంచుకి పలచగా పారుతూ కట్టుకుంటూ పోయాయి, బయటి అంచున నిలిచాయి. నిలిచాయని చూశాను. కుళాయి కట్టలేదు.

పావుతక్కువ పదకొండుకి పైన గట్టిగా కట్టేసింది. నున్నగా, నల్లగా, అందంగా ఉంది. మా లమ్మీ క్యాంటీన్ కిటికీలోంచి చూసి, "ఏమే, ఈ మూలకి ఇస్త్రీ చేశావా?" అంది. లమ్మీ నాతో బడికి వచ్చినది. నలభై ఏళ్ళుగా ఆ క్యాంటీన్‌లో బఠాణీ సూప్ ఆమే కాస్తోంది. చెంచా నిలబెడితే పడకూడదంటుంది.

హార్మ్‌కి ఒక అలవాటుండేది. సంఘానికి ఫోన్ చేసే ముందు బాటంతా నడిచి, చీపురు కర్ర తిరగేసి, అడుగడుక్కీ మంచు మీద కొట్టి వినేవాడు. ఆ కర్ర చివర అరిగి గుండ్రంగా అయిపోయింది. కర్ర షెడ్డులోనే మేకుకి వేలాడుతోంది. గొట్టం తిరిగి పెట్టడానికి వెళ్ళినప్పుడు నా భుజానికి తగిలింది కూడా. హడావుడిలో మరిచిపోయానని మీతో చెప్పవచ్చు. మరిచిపోలేదు. దాన్ని అక్కడే వదిలేసి ఫోన్ చేశాను.

కొలిచే మనిషి పదకొండున్నరకి వచ్చాడు. వీబె అని, యాభై దాటినవాడు, నెమ్మదస్తుడు. హార్మ్ రోజుల నుంచీ ఆయనే వస్తున్నాడు. అప్పటికి రెండొందల మంది పోగయ్యారు. బడికి సెలవిచ్చేశారు. స్టెగ్‌హౌట్ వాళ్ళు కూడా ఫోన్ చేశారట, మా తర్వాత పది నిమిషాలకి. వరసలో రెండోవాళ్ళు.

వీబె పది చోట్ల చిన్న బరమాతో తొలిచి, స్కేలు దింపి చూశాడు. మూడు. మూడు. మూడూ ఒకటి. ప్రతిసారీ అంకె పైకి చదివేవాడు, జనం గుసగుసగా తిరిగి చెప్పుకునేవాళ్ళు. ఆల్డర్ మూలలో తొమ్మిదో చోటు. నేను చేతులు జేబుల్లో పెట్టుకున్నాను. ఆయన వంపు లోపలి అంచున తొలిచాడు. నేను పోసింది బయటి అంచున; లోపలికి పారిన పలచటి నీళ్ళు గట్టిగానే కట్టాయి.

"మూడు" అన్నాడు.

పదోది కూడా మూడే. బెరెండ్ టోపీ తీసేసి ముఖం కప్పుకున్నాడు. ఆ మనిషి ఏడవడం నేను అంతకు ముందు చూడలేదు.

"ఇక మీరు ఒక చుట్టు నడిచి వచ్చేయండి, ఆల్చె గారూ" అన్నాడు వీబె. "మీ మాట చెబితే సంతకం పెట్టేస్తాను."

అది పద్ధతి. కొలతలన్నీ సరిపోయినా మంచు మేస్త్రి ఒంటరిగా ఒక చుట్టు నడిచి, సరే అనాలి. మేస్త్రి సరే అనకపోతే కొలతలకి విలువ లేదు.

నడిచాను. నాలుగొందల మీటర్లు. ఒక్కచోట కూడా చప్పుడు తేడా లేదు, మూల దాకా. అక్కడ బయటి అంచున నా కుడికాలు పడగానే మంచు ఖాళీ బీరువా తలుపు మీద తట్టినట్టు పలికింది. ఆగాను. ఇంకో అడుగు వేశాను. మళ్ళీ అదే చప్పుడు. మా వంటిల్లంత మేర మొత్తం గుల్ల.

దూరంగా అందరూ నన్నే చూస్తున్నారు. పిల్లలు జెండాలు పట్టుకున్నారు. నాలుగు అట్టపెట్టెలు అడ్డం పెడితే? ఆ అంచుకి రావద్దని పందెంవాళ్ళకి చెబితే? ఒక బకెట్టు నీళ్ళు పోసి పైన ఇంకో పొర కట్టిస్తే? ఎండ అప్పటికే నా మెడ మీద పడుతోంది. వంపులో గుంపు ఎప్పుడూ బయటికే విసురుగా జారుతుంది. మొదటివాడు పడితే వెనక ముప్ఫై మంది అతని మీద, ముప్ఫై జతల స్కేటు కత్తులు. ఇవన్నీ నాకు తెలుసు. తెలిసే నడిచి తిరిగొచ్చాను, సరే అని చెప్పడానికే. ఏమీ కాదేమో అనుకున్నాను. సాయంత్రం దాకా మంచు గట్టిపడుతుందేమో. దేవుడా, ఒక్కసారి, ఈ ఒక్కసారి.

నేను అంచు దాటి గడ్డి మీదకి రాగానే లమ్మీ ఎదురొచ్చింది. షెడ్డులోంచి హార్మ్ చీపురు తెచ్చింది.

"పట్టుకోవే. ఫోటో తీస్తారట. ఇది లేకుండా నువ్వు మేస్త్రివని ఎవరు నమ్ముతారు?"

నా చేతిలో పెట్టింది. నా అరచెయ్యి సరిగ్గా ఆ అరిగిన చివర మీద పడింది.

"చెప్పండి" అన్నాడు వీబె. పెన్ను తీశాడు.

నోరు తెరిచాను. సరే అన్న మాట నాలుక మీదే ఉంది. అది రాలేదు.

"మూల గుల్లగా ఉంది" అన్నాను. "బయటి అంచు. నేనే ఒకేసారి పోశాను, తొమ్మిదింటికి. పందెం పెట్టకండి."

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు. ముందు బెరెండ్‌కే అయింది.

"ఏమంటున్నావు? మూడు వచ్చింది కదా. ఆయన చదివాడు, మేం విన్నాం."

"ఆయన లోపల తొలిచాడు."

"అయితే నోరు మూసుకోవచ్చు కదా" అన్నాడు. అరవలేదు, అదే ఇంకా ఘోరంగా ఉంది. "మూడు రోజులు ట్రాక్టరు మీద కూర్చున్నాను నేను, ఈ నడుముతో. మొగుడు రెండు మిల్లీలకి మమ్మల్ని ముంచాడు, పెళ్ళానివి నువ్వు ఆ రెండూ ఉండి కూడా ముంచావు. భలే కుదిరార్లే ఇద్దరూ."

అంటూ చీపురు వైపు చూశాడు. తర్వాత క్యాంటీన్ వైపు నడిచాడు. జనం అతని వెనకే కదిలారు. మా ఊరివాళ్ళు కోపం వస్తే మాట్లాడరు, ఏళ్ళ తరబడి మాట్లాడరు. జెండాలు గడ్డి మీద పడి ఉన్నాయి.

వీబె స్టెగ్‌హౌట్‌కి ఫోన్ చేశాడు. "బయల్దేరుతున్నాను. అవును. లేదు, ఇక్కడ కుదరలేదు." ఫోన్ జేబులో పెట్టుకుని బరమా సంచిలో సర్దుకున్నాడు. సర్దడం అయిపోయినా కదల్లేదు.

"చూపిస్తారా?" అన్నాడు.

మూలకి తీసుకెళ్ళాను. చీపురు తిరగేసి కొట్టాను. ఆయన తల వంచి విన్నాడు.

"అదే చోటు" అన్నాడు.

"ఏం అదే చోటు?"

"మూడేళ్ళ కిందటిది. హార్మ్ కూడా ఇక్కడే నిలబెట్టి కొట్టి వినిపించాడు."

"అప్పుడు గుల్ల కాదుగా. రెండూ ఎనిమిది వచ్చిందిగా. మీరేగా కొలిచింది."

ఆయన నా ముఖంలోకి చూడకుండా చేతి తొడుగులు సవరించుకున్నాడు.

"నేను కొలిచినప్పుడు మూడూ ఒకటి వచ్చింది, ఆల్చె గారూ. పదికి పది చోట్లా వచ్చింది. సంతకానికి పెన్ను కూడా తీశాను. ఆయనే ఒద్దన్నాడు, మూల గుల్లగా ఉందని. ఎవరు పోశారని అడిగాను. నేనే పోశానన్నాడు. బయటికి మాత్రం రెండూ ఎనిమిది అని చెబుతాను, మీరు కాదనకండి అన్నాడు. నాకు వింతగా అనిపించింది. ఆయన అలా పోసే మనిషి కాదు. అయినా అడిగాడు కదా అని ఊరుకున్నాను."

నేను చీపురు మీద ఆనుకున్నాను. ఆ రోజు పొద్దున్న హార్మ్ ట్రాక్టరు మీద ఉన్నాడు. మూలలో గొట్టం పట్టుకున్నది నేను. చలికి కాళ్ళు కొయ్యబారిపోయి, ఇక చాలు, త్వరగా తెమిలిపోతుందని కుళాయి పూర్తిగా తిప్పి పోశాను. పోశానన్న సంగతే ఈ మూడేళ్ళలో ఒక్కసారి కూడా నాకు గుర్తు రాలేదు. అతనికి తెలుసు. కర్రతో కొట్టి విన్నప్పుడే తెలిసిపోయి ఉంటుంది. గుల్ల అని చెబితే అందరూ ఎవరు పోశారని అడుగుతారు. రెండు మిల్లీలు తక్కువంటే ఎవరూ అడగరు. మేస్త్రిని తిడతారు, అంతే. నేను తిట్టాను. అందరికన్నా ముందు, అందరికన్నా గట్టిగా.

ఇంటికొచ్చాక కూడా చెప్పలేదు. ఆ తర్వాత రెండేళ్ళకి పైగా ఒకే బల్ల దగ్గర రొట్టె తిన్నాం. నేనా పేరుతో పిలిచినప్పుడల్లా పలికాడు.

వీబె ఏదో అన్నాడు, క్షమించండనో ఏదో. వెళ్ళిపోయాడు. ఆయన కారు స్టెగ్‌హౌట్ దారి పట్టింది.

నేను ఆ మూలంతా మడమతో తొక్కి పగలగొట్టాను, పిల్లలెవరైనా ఎక్కితే పడకుండా. పైపొర పలకలు పలకలుగా విరిగింది. దాని కింద వేళ్ళు దూరేంత ఖాళీ ఉంది, పొడిగా.

క్యాంటీన్‌లోకి వెళ్ళేసరికి లమ్మీ సూప్ వడ్డిస్తోంది. ఇరవై మందే మిగిలారు. నేను తిన్నగా మేస్త్రీల చెక్క దగ్గరికి వెళ్ళాను. చివరి రెండు పేర్లు మావి. అతనిది పాత రంగు, కింద ఆ గీతలు. నాది సెప్టెంబరులో వేసిన కొత్త రంగు.

"లమ్మీ, బంగాళాదుంపల కత్తి ఇయ్యి."

"ఎందుకే?"

"ఇయ్యి."

ఇచ్చింది. హార్మ్ పేరు కిందున్న '2 మి.మీ.' గీకడం మొదలుపెట్టాను. కత్తి పక్కకి జారింది.

"ఆ ఏడు కూడా నేనే పోశాను" అన్నాను, గోడ వైపు తిరిగే. "మూడూ ఒకటి వచ్చింది ఆ ఏడు. గుల్ల చేసింది నేను. అతను నా మీదికి రానివ్వకుండా తన మీద వేసుకున్నాడు. నాకు ఇప్పుడే తెలిసింది."

వెనక గరిటె గిన్నెలో పడిన చప్పుడైంది. కుర్చీ జరిగింది. బెరెండ్ వచ్చి నా పక్కన నిలబడ్డాడు. అతని గడ్డానికి సూప్ అంటుకుని ఉంది.

"ఇటియ్యి" అన్నాడు. "చెక్క పాడుచేస్తావు. గీకింది నేనేగా."

కత్తి తీసుకుని మెల్లగా, అక్షరం వెంబడి అక్షరం గీకేశాడు. చాలాసేపు పట్టింది. చెక్క అక్కడ తెల్లగా, కొత్తగా అయింది. కిటికీ పైన చూరు నుంచి అప్పటికే ఒక్కో చుక్క రాలుతోంది. మంచు రేపటి దాకా కూడా ఆగేలా లేదు.

"ఇప్పుడు అదే నా పేరు కింద రాయి" అన్నాను.

బెరెండ్ కత్తిని ప్యాంటుకి తుడిచి, నా ముందు బల్ల మీద పెట్టి, తల అడ్డంగా ఊపాడు.

నేనే రాశాను.